మా నాయన ల్యాబు

ఆ కాలంలో హైస్కూల్లో సైన్సు బీరువా అంటే చెక్కది, అద్దాల తలుపులది. లోపల ఏముందో అందరికీ కనపడేది, ఎవరికీ అందేది కాదు. పై అరలో గాజు కుప్పెలు, కింద లోలకం గుండ్లు, దుమ్ము పట్టిన ప్రిజం, సగానికి విరిగిన బార్ మాగ్నెట్లు, ఓ మూల సీసాలో నానుతున్న తేలు. తాళం చెవి హెడ్మాస్టరు దగ్గర ఉండేది. లోపలున్న ప్రతి గాజు ముక్కా స్టాక్ రిజిస్టర్లో ఒక పద్దు. పగిలితే ఆడిట్లో అడుగుతారు, అడిగితే సైన్సు అయివారి జీతంలో పట్టుకుంటారు. పబ్లిక్ పరీక్షలో ప్రయోగానికి మార్కుల్లేవు, ‘పటము గీచి భాగములు గుర్తింపుము’ అన్నదానికి ఉన్నాయి. ఇంక ఆ తాళం ఎవరు తీస్తారు? పొటాషియం క్లోరేటు, మాంగనీస్ డయాక్సైడు కలిపి వేడిచేసి ఆక్సిజన్ పట్టే బొమ్మను కండ్లు మూసుకుని గీసే వాళ్ళు మా క్లాసులో ఉన్నారు. పరీక్ష నాళిక చేత్తో పట్టుకున్నవాళ్ళు లేరు.

మా నాయన సైన్సు అయివారు. తిరుపతిలో బి.ఎడ్. చేసి, మా కడప జిల్లాలోనే ఉద్యోగమంతా చేసినాడు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి పది పాసయ్యేదాకా మేము జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల మధ్యనే తిరిగినాం. బదిలీ ఆర్డరు వచ్చిందంటే అమ్మ రోలు, సంగటి తెడ్డు ముందు కట్టేది, నాయన తన అట్టపెట్టె కట్టుకునేవాడు. ఆ పెట్టెలో బల్బు హోల్డర్లు, పాత టార్చి సెల్లు, దారపుండలు, పగిలిన అద్దం ముక్కలు, కోలు సుద్ద ఉండేవి. “బీరువాలోది సర్కారుది రా, ఊర్లోది మనది” అనేవాడు. ఈ మాట గొప్ప సిద్ధాంతమని ఆయన అనుకోలేదు. తాళం చెవి అడుక్కోవడం ఇష్టం లేక అన్నమాటని నా అనుమానం. ఏదైతేనేం, మూడు ఊర్లూ ఆయనకు ల్యాబులైనాయి.

జమ్మలమడుగులో మొదట దొరికింది బండ. కడప బండలంటే దేశమంతా తెలుసు కదా, ఆ నల్ల బండలు ఎర్రగుంట్ల, జమ్మలమడుగు చుట్టుపక్కల గనుల్లోవే. ఇంటి నేల బండ, అరుగు బండ, బట్టలుతికే బండ, చాలా ఇండ్లకు పైకప్పు కూడా బండే. ఒకరోజు నాయన ఏడో తరగతి పిల్లోళ్ళను వసారాలో కూర్చోబెట్టి, బండ మీద కక్కసుదొడ్లు కడిగే యాసిడ్ రెండు చుక్కలు పోసినాడు. బుసబుసమని పొంగింది. “ఏమిరా, బండ ఉడుకుతాంది?” అన్నాడు. అది పుట్టింది నీళ్ళ అడుగున, అది సున్నపురాయి, ఆ పొంగేది బొగ్గుపులుసు గాలి అని చెప్పడానికి ఆయనకు గంట పట్టింది. ఊరికే చెప్పడు కదా, అడిగించుకుంటాడు.

మరుసటి రోజు తమలపాకుల అంగడి నుంచి పావలా సున్నం తెప్పించినాడు. వక్కాకులో పూసుకునే సున్నమే. దాన్ని నీళ్ళలో కలిపి, రాత్రంతా తేరనిచ్చి, పైన నిలిచిన నీళ్ళను పలచటి పంచెగుడ్డలో వడగట్టినాడు. నీళ్ళు మనం తాగే నీళ్ళ మాదిరే ఉన్నాయి. బొప్పాయి ఆకు కాడను గొట్టంగా చేసి, “ఊదు” అని ఒక పిల్లకు ఇచ్చినాడు. ఆ పిల్ల నాలుగు ఊపిర్లు ఊదేసరికి గ్లాసులో నీళ్ళు పాలైనాయి. క్లాసంతా లేచి నిలబడింది. ఇంకా ఊదమన్నాడు. ఊదీ ఊదీ ఆ పిల్ల బుగ్గలు నొప్పెట్టినాయి గానీ, కాసేపటికి పాలు మళ్ళీ నీళ్ళైనాయి. ఆ రెండోది పుస్తకంలో ఉందో లేదో నాకు గుర్తు లేదు, కానీ నాయన అసలు చూపించాలనుకున్నది అదే. గాలి ఎక్కువైతే ఆ తెల్లటి సున్నపురాయి పొడి నీళ్ళలో కరిగిపోతుంది. వాన నీళ్ళు గుట్టల్లో సున్నపురాయిని తొలిచి గుహలు చేసేది ఇట్లనే. “బెలుం గవులు చూసినారా?” అని అడిగినాడు. జమ్మలమడుగు నుంచి బెలుం అంత దూరమేమీ కాదు. అప్పటికి ఆ గుహల్లోకి టికెట్టు పెట్టి జనాన్ని పంపే ఏర్పాటు లేదు, గవుల్లోకి పోతే దయ్యాలుంటాయని మాత్రం అందరికీ తెలుసు.

ఉగాదికి ఇంటికి సున్నం కొట్టేటప్పుడు కూడా ఆయన పాఠమే. బట్టీలో రాయిని కాలిస్తే గాలి పోయి సున్నమైంది, నీళ్ళు పోస్తే కాగి పొంగింది, గోడకు పూస్తే నెమ్మదిగా గాలిలోని ఆ బొగ్గుపులుసునే మళ్ళీ పీల్చుకుని రాయైంది. గోడకు మనం పూసింది సున్నం, ఆరినాక ఉండేది రాయి. అమ్మ మాత్రం “రాయో రప్పో, ఆ మూల ఇంకొక పూత ఎయ్యి” అనేది.

1979 జులైలో అమెరికా వాళ్ళ అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ నెత్తిన పడుతుందని ఊరంతా ఒకటే గోల. మా వీధిలో ఒకాయన మేకను కోయించి బంధువులందరికీ పెట్టినాడు, ఎట్లైనా పోతాం కదా తినిపోదామని. అది ఆస్ట్రేలియా దిక్కున పడింది, మేక మాత్రం తిరిగి రాలేదు.

ఆ మరుసటి ఏడాది, 1980 ఫిబ్రవరి 16న సూర్యగ్రహణం. పూర్తి గ్రహణం మాకు కాదు. నీడ రాయచూరు మీదుగా, హైదరాబాదు దగ్గరి జపాల్-రంగాపూర్ వేధశాల మీదుగా పోయింది. ప్రపంచం నలుమూలల నుంచి శాస్త్రవేత్తలు అక్కడికి వచ్చినారని పేపర్లో చదివినాం. జమ్మలమడుగులో సూర్యుడు పూర్తిగా మాయం కాలేదు, సన్నటి చీలిక మాత్రం మిగిలింది. అవ్వ ఊరగాయ జాడీల మీద, నీళ్ళ కుండల మీద దర్భలు పెట్టింది. కడుపుతో ఉన్న మా పిన్నమ్మను చీకటి గదిలోకి తోసి తలుపేసింది. వీధిలో పిట్ట కూడా లేదు. మధ్యాహ్నం మూడు దాటినాక నాయన వంటింట్లోకి పోయి పిండి జల్లెడ తీసుకొచ్చి, పెరట్లో సున్నం కొట్టిన గోడకు ఎదురుగా పట్టుకున్నాడు.

గోడ మీద జల్లెడ నీడ పడింది. ఆ నీడలో ఎన్ని కంతలుంటే అన్ని నెలవంకలు! ఒక్కటి కూడా గుండ్రంగా లేదు. రోజూ చూసే జల్లెడే, రోజూ చూసే గోడే. చీలిక సన్నబడేకొద్దీ ఆ నెలవంకలన్నీ ఒక్కసారే సన్నబడుతున్నాయి. నాయన నా రెండు చేతుల వేళ్ళను అడ్డం నిలువు పేర్చి పట్టించినాడు, నా వేళ్ళ సందుల్లోంచి కూడా నెలవంకలే. సూర్యుడి దిక్కు చూస్తే మాత్రం చెంప పగలగొడతానన్నాడు. పక్కింటి పిల్లోళ్ళు గోడ మీంచి తలలు పెట్టి చూసినారు, తర్వాత దిగినారు. చివరకు అవ్వ కూడా తలుపు కొంచెం తీసింది. ఆమె దర్భలు తీయలేదు, నాయన తీయమనీ అడగలేదు. నాకు ఇది ఇప్పటికీ నచ్చే విషయం. మూఢనమ్మకాల మీద ఉపన్యాసం ఇవ్వాలంటే ఆ రోజును మించిన రోజు దొరకదు. ఆయన జల్లెడ పట్టుకుని నిలబడినాడు, అంతే. గ్రహణం విడిచినాక అవ్వ తలస్నానం చేసి, ఆ జల్లెడను కూడా రెండు చెంబుల నీళ్ళతో కడిగింది.

ప్రొద్దుటూరుకు వచ్చినాక నాయనకు పండగైంది. ఊరు పెన్న ఒడ్డునే గానీ, ఊరి మనసంతా బజార్లో ఉంటుంది. బంగారం, నూలు, చెనిక్కాయల నూనె. రెండో బొంబాయి అని చెప్పుకునే ఊరు. అప్పట్లో రైలెక్కాలంటే మాత్రం ఎర్రగుంట్లకు పోవాల్సి వచ్చేది. మా ఇంటి వెనక సందులో ఒక ఆచారి కొలిమి ఉండేది. నాయన బడి విడిచినాక అక్కడ కూర్చునేవాడు, నేనూ వెంబడి పోయేవాణ్ణి.

ఒరగల్లు నేను మొదట చూసింది అక్కడే. నల్లటి నున్నటి రాయి. ఆచారి నగను దాని మీద ఒక గీత గీసి, పక్కనే తన దగ్గరున్న మేలిమి కడ్డీతో ఇంకొక గీత గీసేవాడు. రెండు గీతల మీద నత్రికామ్లం తాకించేవాడు. రాగి, ఇత్తడి గీతలైతే పచ్చగా నురిగి మాయమవుతాయి, బంగారం గీత చెక్కు చెదరదు. దాని రంగు ఎంత మిగిలిందో చూసి వన్నె చెప్పేవాడు. పుస్తకంలో ‘బంగారము ఆమ్లములతో చర్య జరుపదు’ అన్న ఒక వాక్యం కింద ఇంత వ్యాపారం నడుస్తుందని నాకప్పుడు తెలిసింది. నత్రికామ్లం, హైడ్రోక్లోరికామ్లం కలిపితే మాత్రం బంగారం కూడా కరుగుతుంది. పాఠంలో దాని పేరు ద్రవరాజం. ఆచారి దానికి పేరేమీ పెట్టలేదు, “ఆ రెండూ కలిపింది” అనేవాడు.

అంగళ్ళ కసువును ఎవరూ పారేయరు. ఏడాదికోసారి దాన్ని కొనేవాళ్ళు వస్తారు. బజారు కాలువల్లో మట్టిని కూడా తెల్లారకముందే ఎత్తుకుపోయి తట్టల్లో కడిగేవాళ్ళు ఉండేవాళ్ళు. తేలిక మట్టి నీళ్ళతో పోతుంది, బరువైన రజను అడుగున నిలుస్తుంది, దాన్ని పాదరసం పట్టుకుంటుంది, పాదరసాన్ని కాలిస్తే బంగారం మిగులుతుంది. ఆ పొగ పీల్చేవాళ్ళ బతుకు గురించి నాయన ఎక్కువ మాట్లాడేవాడు కాదు గానీ, మమ్మల్ని మాత్రం ఆ దగ్గరికి పోనిచ్చేవాడు కాదు.

ఎనిమిదో తరగతికి సాంద్రత పాఠం వచ్చింది. ఆర్కిమెడిస్ తొట్టిలోంచి లేచి పరుగెత్తిన కథ చెప్పి ముగించే పాఠమది. నాయన పదిమంది పిల్లోళ్ళను కొలిమి దగ్గరికి తీసుకుపోయినాడు. గాజుపెట్టెలో ఉండే సన్నపు త్రాసు ఆచారి బయటికి తీసినాడు, ఆయనకు కూడా కుతూహలమే. పది గ్రాముల పచ్చి బంగారం ముక్కను దారంతో త్రాసు కొనకు కట్టి, కింద గ్లాసులో నీళ్ళలో మునిగేట్టు పెట్టినారు. తగ్గిన బరువును పాత డబ్బాలోని గురిగింజలతో తూచినారు. నాలుగు గింజలకు కొంచెం పైన తేలింది. అదే బరువు ఇత్తడి ముక్క కట్టితే దాదాపు పది గింజలు తగ్గింది. నీటికి బంగారం 19.3 రెట్లు బరువు, ఇత్తడి ఎనిమిదిన్నర రెట్లు. లెక్క సరిపోయింది. “అయివారూ, ఇది తెలిస్తే నగ మీద గీత గీసే పనే లేదే” అన్నాడు ఆచారి. తర్వాత కొంచెం ఆలోచించి, “లోపల లక్క పోసిన నగకు పనికిరాదులే” అన్నాడు. ఆ రెండో మాటకు నాయన ఎంత సంతోషపడినాడో చెప్పలేను. పద్ధతి ఎక్కడ పనిచేయదో చెప్పగలిగినవాడే దాన్ని అర్థం చేసుకున్నట్లని నెల రోజులు స్టాఫ్ రూములో అందరికీ చెప్పినాడు. 22 క్యారెట్లంటే 24లో 22 పాళ్ళు, నూటికి 91.6 అన్న లెక్కను మా క్లాసులో భిన్నాలు రాని పిల్లోడు కూడా చేసేవాడు, వాళ్ళ నాయన ఆ బజార్లోనే పని చేసేవాడు మరి. ఇప్పుడు హాల్‌మార్క్ మీద కనపడే 916 అదే.

ప్రొద్దుటూర్లోనే రేడియో కట్టినాం. కరెంటు అక్కర్లేని రేడియో. అట్ట గొట్టానికి ఎనామెల్ తీగ చుట్టి, పాత రేడియోలోంచి తీసిన గ్యాంగ్ కండెన్సర్, ఓఏ79 అనే జెర్మేనియం డయోడు, చెవికి పెట్టుకునే హెడ్‌ఫోన్. మిద్దె మీద ఈ చివర నుంచి ఆ చివరకు రాగితీగ కట్టి, ఇంకొక తీగను బోరింగు పైపుకు చుట్టినాం. అంతే, సెల్లు లేదు, ప్లగ్గు లేదు. తిప్పగా తిప్పగా 900 కిలోహెర్ట్జ్ దగ్గర ఆకాశవాణి కడప కేంద్రం వినపడింది, చీమ మాట్లాడినంత. మాట వినపడేదానికి శక్తి ఎక్కడిది అని నాయన అడిగితే ఎవరూ చెప్పలేదు. ఆ కడప టవరు నుంచే వస్తుంది, ఆ అలలే మోసుకొస్తాయి అన్నప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. కరెంటు పోయిన రాత్రులు మా మిద్దె మీద క్యూ ఉండేది.

అదే కాలంలో బళ్ళకు కంప్యూటర్లొచ్చినాయి. 1984-85లో కేంద్రం ‘క్లాస్’ అనే పథకం కింద దేశంలో సుమారు 250 బళ్ళకు బీబీసీ మైక్రో అనే బ్రిటిష్ యంత్రాలను ఇచ్చింది. 32 కిలోబైట్ల జ్ఞాపకశక్తి దాంది, ఇప్పుడు ఫోన్లో ఒక ఫొటో కూడా పట్టదు. జిల్లాలో కాదు గానీ, వేరే చోట ఒక బడిలో దాన్ని చూడడానికి నాయన పోతూ నన్నూ తీసుకుపోయినాడు. బయట చెప్పులు విడవాలి. గదికి పరదాలు, ఏసీ. యంత్రానికి గులాబిరంగు గుడ్డ కప్పి ఉంది. ఒక అయివారు గుడ్డ తీసి చూపించినాడు, దసరా ఆయుధపూజకు పెట్టిన కుంకుమ బొట్టు తెర పైఅంచున ఇంకా ఉంది. మళ్ళీ కప్పినాడు. మీట నొక్కనీలేదు. వాపసు వచ్చేటప్పుడు బస్సులో నాయన, “అద్దాల బీరువా కంటే ఇది నయమా, కాదా?” అని అడిగినాడు. నేను నయమన్నాను, చల్లగా ఉండె కాబట్టి.

పుస్తకాల సంగతి చెప్పకపోతే అన్యాయం. విశాలాంధ్ర వాళ్ళ బండి ప్రొద్దుటూరు వచ్చినప్పుడు సోవియట్ పుస్తకాలు కొనుక్కునేవాళ్ళం. గట్టి అట్ట, మంచి బొమ్మలు, ధర మాత్రం సినిమా టికెట్టంత. పెరెల్మాన్ రాసిన భౌతికశాస్త్రం పుస్తకం తెలుగులో చదివి నాయన సగం ప్రశ్నలు అందులోంచి దొంగిలించేవాడు, ఆ మాట ఆయనే చెప్పేవాడు. ఢిల్లీలో ఫిజికల్ లాబొరేటరీలో పనిచేసే మహీధర నళినీమోహన్ తెలుగులో సైన్సును కథ చెప్పినట్లు రాసేవాడు. ఆయన వ్యాసం కనపడితే నాయన పేపరు కత్తిరించి ఆ అట్టపెట్టెలో దాచేవాడు.

పులివెందులకు 1985లో పోయినాం. ఎండ ఊరు, రాళ్ళ ఊరు. వచ్చిన కొత్తలోనే హేలీ తోకచుక్క. 1986 మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లవారుజామున దక్షిణం దిక్కు తల పెట్టి చూసినాం. పత్తి పింజంత మసక. అంతకన్నా చెప్పడానికేమీ లేదు, మళ్ళీ 2061లో వస్తుంది.

రాళ్ళు మాత్రం మోసం చేయలేదు. ఆదివారాలు చద్దన్నం మూట, సుత్తి తీసుకుని వేంపల్లె, లింగాల దిక్కు గుట్టలకు పోయేవాళ్ళం. వేంపల్లె దగ్గరి బూడిదరంగు రాతిని అడ్డంగా కోసిన చోట లోపల గుండ్రటి పొరలు, ఉల్లిగడ్డను సగానికి కోసినట్లు ఒకదాని మీద ఒకటి. స్ట్రొమాటొలైట్లని వాటి పేరు. లోతు తక్కువ సముద్రంలో నీలి ఆకుపచ్చ శైవలాలు పరుచుకుని, బురదను పట్టుకుని, పొర మీద పొర కట్టుకుంటూ పోగా మిగిలిన రాళ్ళవి. చెట్టూ చేపా ఏదీ పుట్టకముందటి ప్రాణం. మన గాలిలో ఆక్సిజన్ నింపింది అట్లాంటి జీవులే. పొటాషియం క్లోరేటు బొమ్మ గీసిన పిల్లోళ్ళను ఆ బండ మీద కూర్చోబెట్టి, “ఆక్సిజన్ తయారీ ఇది రా” అన్నాడు నాయన. మా జిల్లా రాళ్ళను విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఊరూరూ తిరిగి వర్ణించి 1872లో అచ్చు వేయించినాడు. ఆ పుస్తకంలో మన ఏర్ల పేర్లు, కొండల పేర్లే పొరల పేర్లు: పాపాగ్ని, చెయ్యేరు, నల్లమల. అయినా మా పాఠ్యపుస్తకంలో శిలల ఉదాహరణలన్నీ వేరే ఊర్లవి.

పులివెందుల చుట్టూ రాతినార గనులుండేవి. రాతి సందుల్లోంచి పట్టుదారం మాదిరి తెల్లటి పోగులు వచ్చేవి. నాయన దాన్ని దీపం మీద పెట్టి మండదని చూపించినాడు, క్లాసులో చేతులు మార్చి చూసినాం. ఏ అయివారూ ఇప్పుడు చేయకూడని పని. ఆ పోగులు ఊపిరితిత్తుల్లోకి పోతే ఇరవై ముప్ఫై ఏండ్లకు క్యాన్సరై తేలుతుంది. ఆ గనుల్లో కూలికి పోయినవాళ్ళు గుడ్డ కూడా అడ్డం పెట్టుకోకుండానే ఏండ్ల తరబడి కొట్టినారు. తర్వాత ఆ రాతి పొరల్లోనే తుమ్మలపల్లె దగ్గర యురేనియం దొరికింది, 2012లో గని మొదలైంది. చద్దన్నం తిన్న రాయే ఇది.

1988లో సైన్సును జనంలోకి తీసుకుపోయే జన విజ్ఞాన వేదిక పుట్టినాక నాయనకు తోడు దొరికింది. అప్పటిదాకా ఒంటరి పిచ్చి అనుకున్నది జిల్లా జిల్లాకూ ఉందని తెలిసింది. నాయన వేదిక వాళ్ళ ‘చెకుముకి’ సైన్సు పత్రికకు పిల్లోళ్ళ చేత ఉత్తరాలు రాయించేవాడు. రిటైరయ్యేనాటికి హైస్కూళ్ళకు కంప్యూటర్ గదులొచ్చినాయి, ఆ తర్వాత ఇడుపులపాయలో 2008లో ట్రిపుల్ ఐటీ వచ్చింది, ఊరి పిల్లోళ్ళు పదో తరగతి నుంచి నేరుగా అక్కడికి పోతున్నారు. ఇది చిన్న విషయం కాదు. కానీ ఏ బడికి పోయినా నాయన మొదట చూసేది తలుపుకు తాళం ఉందా అనే. చాలాచోట్ల ఉంటుంది. యంత్రం కొనడానికి డబ్బొస్తుంది, పగిలితే పోనీలెమ్మనే జీవో మాత్రం ఇంతవరకూ రాలేదు.

ఆయనకు ఎనభై దగ్గరపడినాక ఒకరోజు నేను ఫోన్లో చదివి చెప్పినాను. పులివెందుల దగ్గర స్ట్రొమాటొలైట్ల పొరల పైన, నేలలోంచి కాగుతూ చొరబడి గట్టిపడిన నల్లరాయి ఒకటుంది. శాస్త్రవేత్తలు దాన్ని పులివెందుల సిల్ అంటారు. దాని వయసు 188.5 కోట్ల ఏండ్లని 2008లో తేల్చినారు. రాతినార పుట్టింది కూడా ఆ వేడికి సున్నపురాళ్ళు మారిపోవడం వల్లనే. ఆయన ఆశ్చర్యపోలేదు. “యాట్ల కనుక్కున్నారు?” అన్నాడు. బాడెలియైట్ అనే సన్నటి ఖనిజపు గింజల్లో యురేనియం ఎంత సీసమైందో లెక్కగట్టినారని చెప్పినాను. “అర్ధజీవిత కాలమెంత?” యురేనియం-238కి 446.8 కోట్ల ఏండ్లు. కరెంటు బిల్లు తిరగేసి, పెన్ను అడిగి, లాగరిథం టేబుల్ లేకుండానే నెమ్మదిగా వేసినాడు. నూటికి 75 పాళ్ళు యురేనియం అట్లనే ఉంటుంది, ఒక పాతిక సీసమై ఉంటుంది. నేను ఫోన్లో చేసి చూస్తే 74.6 వచ్చింది.

“సరే, పుట్టినప్పుడే ఆ గింజలో సీసం కొంచెం ఉండింటే?” అన్నాడు.

దానికి జవాబు వెతుకుతుంటే అమ్మ వచ్చి ఆ బిల్లు లాక్కుని, కట్టేదానికి రేపే ఆఖరు రోజని ఇద్దరినీ తిట్టింది.